నిదానంగా సాగే ఛాంబర్ సంగీతం, లైవ్ విజువల్స్: తెర సంగీతాన్ని అనుసరించాలా, తన దారిన తాను పోవాలా?

నింపాది
అందరికీ నమస్కారం. మాది ఛాంబర్ సంగీతం (చిన్న బృందం వాయించేది), మేం నలుగురం. నేను వయొలిన్, మిగతావాళ్లు చెల్లో, పియానో, నాలుగో ఆయన విజువల్స్. 70 నిమిషాల కృతి ఒకటి సిద్ధం చేస్తున్నాం. మొదటినుంచి చివరిదాకా చాలా చాలా మెల్లని శబ్దమే. వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) లేదు. ఒక్కో స్వరం అర నిమిషం దాకా నిలబడుతుంది, నడుమ నిశ్శబ్దాలు కూడా దాదాపు అంతే పొడుగు.

సంగీతం వరకు పేచీ లేదు. తెర దగ్గరే తేలడం లేదు. మా విజువల్స్ మిత్రుడు టచ్‌డిజైనర్ అనే విజువల్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్యాచ్ (చిన్న ప్రోగ్రాం లాంటిది) కట్టాడు. మైకులోంచి వచ్చే శబ్దాన్ని బట్టి తెర మీద ఆకారాలు విచ్చుకుంటాయి. చూడ్డానికి బాగుంది, కానీ వాయిస్తుంటే ఏదో తేడాగా ఉంది. నేను కమాను తీగ మీద పెట్టగానే తెర మీద ఏదో మొదలవుతుంది, ఇక వినడానికి ఏం మిగిలింది అనిపిస్తోంది. "సంబంధం లేకుండా వదిలేస్తే ఒకే హాల్లో రెండు ప్రోగ్రాములు పెట్టినట్టుంటుంది" అని ఆయన అంటాడు. అదీ కాదనలేను.

ఇలాంటివి వాయించినవాళ్లు, తెర నడిపినవాళ్లు కాస్త చెప్పండి.

తెరచాటు
నింపాది గారూ, శబ్దానికి స్పందించే ప్యాచ్‌లు చాలావరకు బీట్ ఉన్న సంగీతాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. డ్రమ్ము పడితే వెలుగు పెరుగుతుంది, జనం ఊగుతారు. మీ దగ్గర డ్రమ్ము లేదు కదా. మీ సిగ్నల్ అంత చిన్నది కాబట్టి గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెద్దది చేసే మోతాదు) బాగా పెంచాలి. గెయిన్ పెంచాక ఏసీ హోరు, ప్రియాంప్ రొద, కుర్చీ కిర్రుమనడం అన్నీ మీ వయొలిన్‌తో సమానమైపోతాయి. అంటే తెర మీద కనబడేది మీ కృతి కాదు, ఆ హాలు ఏసీ.

పైగా ఎవరో ఒకరు దగ్గుతారు. నేను ప్రేక్షకుడిగా కూర్చున్న ఒక కచేరీలో దగ్గగానే తెరంతా పూలు పూసినట్టు విచ్చుకుంది. దగ్గినాయన తల పైకెత్తి చూశాడు, తర్వాత సరదాగా ఇంకోసారి దగ్గాడు!

శబ్దాన్ని వాడాలనే ఉంటే వాడండి గానీ ఆ క్షణపు శబ్దం వద్దు. రెండు మూడు నిమిషాల సగటు తీసుకుని దాన్ని రంగుకో, వెలుగు మోతాదుకో కట్టండి. దగ్గు అందులో కరిగిపోతుంది. పియానో ఉన్న పది నిమిషాలకీ లేని పది నిమిషాలకీ మాత్రం తేడా కనిపిస్తుంది.

ఊరికే_శ్రోత
అడిగినదానికి జవాబు కాదు గానీ, అసలు తెర ఎందుకండీ? కన్ను చెవిని మింగేస్తుంది. బొమ్మ కదిలిన క్షణాన శబ్దం బ్యాక్‌గ్రౌండ్ అయిపోతుంది, అది ఎంత గొప్ప శబ్దమైనా సరే.

అమెరికన్ స్వరకర్త మోర్టన్ ఫెల్డ్‌మన్ రాసిన "రోత్కో చాపెల్" తీసుకోండి. 1972లో హ్యూస్టన్‌లో ఆ ప్రార్థనా మందిరంలోనే మొదటిసారి వినిపించారు. చుట్టూ చిత్రకారుడు మార్క్ రోత్కో వేసిన 14 పెద్ద చిత్రాలు. అవి కదల్లేదు, ఎవరినీ పిలవలేదు. నాకు తెలిసినంతలో సంగీతానికి అంతకన్నా మంచి విజువల్స్ లేవు.

మంద్రం
> అవి కదల్లేదు

కదిలాయి శ్రోత గారూ. ఆ మందిరానికి పైకప్పులోంచి వెలుగొస్తుంది. మబ్బు అడ్డొస్తే ఆ ముదురు ఊదా చిత్రాలు నల్లబడతాయి, ఎండ తిరిగితే లోపలి రంగు పైకి తేలుతుంది. పగటిపూట అక్కడ ఓ గంట కూర్చుంటే చిత్రం మారుతూనే ఉంటుంది, మారుతున్నప్పుడు మాత్రం దొరకదు. నన్నడిగితే మీ నాలుగో ఆయన చేయాల్సిన పని అదే, ఆ మబ్బు పని.

ఊరికే_శ్రోత
బాగా చెప్పారు. కానీ మబ్బుకి ల్యాప్‌టాప్ లేదు, చప్పట్లు కూడా అక్కర్లేదు. 😄

కీలు_పెడల్
పియానో వాయిస్తాను, ఈ తరహా కృతులే ఎక్కువ. నింపాది గారి మిత్రుడి వాదనకి జవాబు అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ దగ్గర ఉంది. ఆయన చివరి ఏళ్లలో రాసిన సంఖ్యల పేర్ల కృతుల్లో తాళం ఉండదు, "టైమ్ బ్రాకెట్లు" ఉంటాయి. ఉదాహరణకి ఈ స్వరాన్ని 0:00 నుంచి 1:00 లోపు ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, 0:40 నుంచి 1:40 లోపు ఎప్పుడైనా ఆపొచ్చు అన్నట్టు. ప్రతి ఒక్కరి ముందూ ఒక స్టాప్‌వాచ్. ఎవరూ ఎవరినీ అనుసరించరు. అయినా వింటుంటే విడివిడి ప్రోగ్రాముల్లా ఉండదు, ఎందుకంటే అందరూ ఒకే సమయం మీద నడుస్తున్నారు, పైగా ఒకరినొకరు వింటున్నారు. పక్కవాడు ఇంకా మొదలెట్టలేదని తెలిసి నేను నా స్వరాన్ని కాస్త ఆపుకుంటాను చూడండి, ఆ ఆపుకోవడమే ఛాంబర్ సంగీతం.

విజువల్స్ ఆయనకీ అలాంటి పార్ట్ ఒకటి రాసివ్వండి. "12:00–14:00 మధ్య ఎడమ అంచు నుంచి వెలుగు మొదలు, 19:00–22:00 మధ్య ముగింపు." అంతే. అప్పుడాయన మీ నీడ కాదు, మీలో నాలుగోవాడు.

కేజ్ స్వయంగా ఇది చేసి చూపించాడు కూడా. 1992లో వచ్చిన "వన్-ఇలెవెన్" 90 నిమిషాల నలుపు తెలుపు సినిమా. మనుషులు లేరు, కథ లేదు, ఖాళీ స్టూడియోలో వెలుగు కదలికలు మాత్రమే. దానితోపాటు వాయించడానికి అంతే నిడివిలో "103" అనే ఆర్కెస్ట్రా కృతి ఉంది. రెండూ వేర్వేరుగా తయారైనవి. నిడివి తప్ప వాటిని కలిపేది ఏమీ లేదు.

సున్నా_గెయిన్
సంగీతం రాసి సినిమాలూ తీసిన అమెరికన్ ఫిల్ నిబ్లాక్ కూడా అంతే కదా. గోడ మీద చేతులతో పనిచేసే మనుషుల సినిమాలు, పొలాల్లో, చేపల దగ్గర. హాల్లో దట్టమైన డ్రోన్ (ఆగకుండా సాగే శబ్దం). బొమ్మకీ శబ్దానికీ ముడి లేదు. కాకపోతే ఆయన శబ్దం చెవులు దిమ్మెత్తేంత గట్టిది, మీది దానికి పూర్తి వ్యతిరేకం. అంత శబ్దంలో ప్రొజెక్టర్ ఫ్యాన్ గురించి ఎవరికీ బెంగ లేదు. మీకు ఉంటుంది. అసలు ఆ సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి?

నింపాది
ఎత్తుదామనుకుంటున్నా. రిహార్సల్లో ప్రొజెక్టర్ నా వెనకాలే పెట్టారు. నిశ్శబ్దం రాసుకున్న చోటల్లా ఫ్యాన్ సోలో.

సున్నా_గెయిన్
సౌండ్ పని నాది కాబట్టి వివరంగా రాస్తా.

ప్రొజెక్టర్ల స్పెసిఫికేషన్లో శబ్దం మామూలుగా 25 నుంచి 40 డెసిబెల్ మధ్య ఉంటుంది. మీ మెల్లని చెల్లో స్వరం నాలుగో వరస దాకా వచ్చేసరికి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఎకో మోడ్‌లో పెడితే వెలుగు తగ్గుతుంది, ఫ్యాన్ నెమ్మదిస్తుంది. మీకు ఎలాగూ అంత వెలుగు అక్కర్లేదు. హాలు వెనక అద్దాల గది ఉంటే అందులోంచి వేయండి, లాంగ్ త్రో లెన్సు (దూరం నుంచి వేసేది) కావాలి. అది కుదరకపోతే తెర వెనక నుంచి వేయొచ్చు. పెట్టెలో బిగించేసే ఆలోచన మాత్రం గాలి దారి చూసుకోకుండా చేయకండి. వేడెక్కితే ఫ్యాన్ రెట్టింపు వేగంతో తిరుగుతుంది, ఇంకా వేడెక్కితే తనంతట తనే ఆగిపోతుంది, అదీ మీ 50వ నిమిషంలో.

"డైనమిక్ కాంట్రాస్ట్" లాంటి పేరుతో ఉన్న ఆప్షన్ తప్పకుండా తీసేయండి. బొమ్మ నల్లబడగానే అది దీపాన్నో ఐరిస్‌నో (వెలుగు దారిని ఇరుకు చేసే రెప్ప) తనే సర్దుతుంది. మీరు ఎంత నింపాదిగా వెలుగు దించినా నడుమ ఒక కుదుపు కనిపిస్తుంది. కొన్నిటికి నల్లని బొమ్మ ఎక్కువసేపు ఉంటే "సిగ్నల్ లేదు" అనుకుని నిద్రపోయే అలవాటు కూడా ఉంది.

స్టేజీ దీపాలు పాత ఫిలమెంట్ రకం అయితే డిమ్మర్ సగంలో ఉన్నప్పుడు ఆ తీగ సన్నగా పాడుతుంది. పైగా వేడికి మీ తీగల శ్రుతి దిగుతుంది. ఎల్‌ఈడీలు వాడండి.

తెరచాటు
దీని పక్కనే ఇంకోటి. నిదానంగా వెలుగు పెంచడం అనేది చెప్పినంత తేలిక కాదు. మామూలు వీడియోలో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే (ఎనిమిది బిట్లు అంటారు). 20 నిమిషాల ఫేడ్ అంటే 1200 సెకన్లు. ఒక్కో మెట్టు మీద దాదాపు 5 సెకన్లు నిలబడతారు. మీకు పూర్తి తెలుపు వద్దు, ఐదో వంతు చాలు అనుకుంటే 51 మెట్లు, ఒక్కోటీ 23 సెకన్లు! చీకటి హాల్లో అలవాటు పడ్డ కన్ను ప్రతి మెట్టునీ పట్టేస్తుంది. వెలుగు నెమ్మదిగా పెరిగినట్టుండదు, గడియారం ముల్లులా టక్కుటక్కుమంటుంది. అంచుల దగ్గర చారలు వేరే.

చేయాల్సింది ఏమిటంటే, లెక్కంతా 32 బిట్లలో నడిపి, బయటికి పంపేముందు సన్నని నాయిస్ కలపండి, పాత ఫిల్ములో గ్రెయిన్ ఉంటుంది చూడండి, అలా. చారలు కనబడకుండా పోతాయి. ముందే రెండర్ చేసిన వీడియో వాడితే కంప్రెషన్ ఆ గ్రెయిన్‌నే మొదట తినేస్తుంది, చీకటి భాగాలు గళ్లుగళ్లుగా విడిపోతాయి. అందుకే ఇలాంటివి అక్కడికక్కడ లైవ్‌లో పుట్టించడమే మేలు. డీఎంఎక్స్ (స్టేజీ దీపాల్ని నడిపే డిజిటల్ పద్ధతి) దీపాలైనా ఇదే గొడవ, ఎనిమిది బిట్లు చాలవు, 16 బిట్ల మోడ్ ఉంటే అందులో పెట్టండి.

ఇవన్నీ తలనొప్పి అనుకుంటే చేత్తో చేయండి. లెన్సుకు కొంచెం ఎడంగా నల్లటి అట్ట పట్టుకుని నెమ్మదిగా జరపడమే. అంత దగ్గర వస్తువు ఫోకస్‌లో ఉండదు కాబట్టి దాని అంచు తెర మీద మెత్తగా పడుతుంది. మెట్లు లేవు, చారలు లేవు, ప్యాచ్ క్రాష్ అవ్వదు. నాకు మిగతా అన్ని పద్ధతుల కన్నా ఇదే ఇష్టం, ఎందుకంటే అప్పుడు తెర నడిపేవాడి చెయ్యి కూడా చెల్లో వాయించేవాళ్ల చెయ్యిలాగే వణుకుతుంది.

మంద్రం
వణుకు మాటొచ్చింది కాబట్టి తీగవాద్యాలవాళ్లకి ఒక మాట. అర నిమిషం స్వరం, అదీ ఊపిరంత మెల్లగా. అందరూ కమానుని ఫింగర్‌బోర్డు (వేళ్లు నొక్కే పలక) వైపు జరిపేస్తారు. శబ్దం తగ్గుతుంది, నిజమే. కానీ కమాను వేగం తగ్గేకొద్దీ తీగ భరించే బరువు కూడా తగ్గుతుంది. టెన్షన్‌లో చెయ్యి ఒక్క వెంట్రుక బరువెక్కినా గీరుకుంటుంది, తేలికైతే ఈల వేస్తుంది. ఆ రెంటి మధ్య దారి చాలా ఇరుకు. దాన్ని రోజూ మొదటి పని కింద సాధన చేయాలి, ఒకే తీగ, ఒకే స్వరం, గడియారం చూస్తూ.

అర నిమిషం ఒకే కమానులో లాగాలన్న పంతం ఉంటే మానేయండి. దిశ మార్చుకోండి, కానీ వయొలిన్, చెల్లో ఒకేసారి మార్చొద్దు. ఒకరు మారుస్తుంటే రెండోవారు కమాను నడుమలో ఉండాలి. ఎవరికీ తెలియదు. మార్పు కొన దగ్గర చేస్తే ఇంకా నయం, అక్కడ చెయ్యి బరువు తక్కువ.

ఇద్దరూ దాదాపు ఒకే స్వరం మీద ఉన్నచోట శ్రుతిని వెంట్రుకవాసి తప్పించి చూడండి. 220కి 220.1 హెర్ట్జ్ పక్కన పెడితే పది సెకన్లకి ఒకసారి శబ్దం పెరిగి తగ్గే అల లేస్తుంది. అమెరికన్ స్వరకర్త ఆల్విన్ లూసియర్ చాలా ఏళ్లు ఈ అలలతో పనిచేశాడు. మన కర్ణాటక సంగీతం పాడిన అమెరికన్ జాన్ హిగ్గిన్స్ జ్ఞాపకంగా ఆయన రాసిన కృతిలో ఒక ఆసిలేటర్ (స్వరం పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం) స్వరం మెల్లగా పైకి జరుగుతూ ఉంటుంది, క్లారినెట్ ఒక్కో చోట స్వరం నిలబెట్టి దానితో అలలు లేపుతుంది. తెర మీద ఆ అలని బొమ్మ గీసి చూపించకండి దయచేసి. చెవి తనంతట తను కనిపెట్టుకునే సుఖం అది.

ఊరికే_శ్రోత
చివరి రెండు వాక్యాలకి నా ఓటు.

కీలు_పెడల్
స్వరలిపి చూసుకునే దీపాల గురించి. ట్యాబ్లెట్లు వాడుతుంటే బ్రైట్‌నెస్ అడుగుకి దించి, స్కోర్‌ని నల్ల పేజీ మీద తెల్ల అక్షరాలుగా తిప్పండి. ముఖాలు నీలంగా వెలగవు. నోటిఫికేషన్లు, ఆటో లాక్ ఆపేయండి. పేజీ తిప్పే పెడల్ కింద బట్ట వేయండి, అది "టిక్" అంటుంది. ఇక పియానో పెడల్ గురించి నేను చెప్పనక్కర్లేదు, డాంపర్లు (తీగల్ని ఆపే దిమ్మెలు) పూర్తిగా ఎత్తి దించడం కన్నా సగంలో పట్టుకుంటే స్వరం తోక మిగులుతుంది, చప్పుడూ ఉండదు.

వెలుగురేఖ
ఇన్నాళ్లూ చదవడమే, మొదటిసారి రాస్తున్నా. రంగుల గురించి ఎవరూ అనలేదు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20–30 నిమిషాలు పడుతుంది. అంటే మీ 40వ నిమిషంలో అదే మోతాదు వెలుగు 5వ నిమిషంలో కన్నా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. ప్యాచ్‌లో అంకెలు చూసుకుని ఫేడ్ రాస్తే బోల్తా పడతారు. చీకట్లో అరగంట కూర్చున్నాకే అంకెలు నిర్ణయించండి, పక్కన ల్యాప్‌టాప్ వెలుగుతుండగా కాదు.

చీకట్లో ఎరుపు ముందు చస్తుంది, నీలం, ఆకుపచ్చ నిలబడతాయి. దాన్ని పుర్కిన్యే మార్పు అంటారు. ముదురు ఎరుపులో ఎంతో కష్టపడి కట్టిన బొమ్మ ఆ సమయానికి నలుపే.

ఇంకోటి, ట్రాక్స్‌లర్ అనే స్విస్ వైద్యుడు 1804లో రాసిన విషయం. ఒకే బిందువుని కదలకుండా చూస్తుంటే చుట్టూ ఉన్న మసక ఆకారాలు కాసేపటికి మాయమవుతాయి. నిదానపు కచేరీలో జనం సరిగ్గా అలాగే చూస్తారు. మీరు ఏమీ మార్చకపోయినా వాళ్ల కంటికి తెర మారుతుంది. కళాకారిణి మేరియన్ జజీలా వెలుగులు పెట్టిన "డ్రీమ్ హౌస్" అనే శబ్దం-వెలుగుల గదిలో వెలుగు కదలనే కదలదు, స్వరకర్త లా మాంటే యంగ్ శబ్దమూ మారని సైన్ తరంగాలే (ఎలక్ట్రానిక్‌గా పుట్టించిన శుద్ధ స్వరాలు). తల కొంచెం తిప్పితే వినిపించేది మారిపోతుంది. పనంతా వచ్చినవాళ్లే చేస్తారు.

తెరచాటు
ఇది బంగారం. ముఖ్యంగా ల్యాప్‌టాప్ ముక్క. మా రంగంలో సగంమంది స్క్రీన్ వెలుగులో కూర్చుని చీకటిని డిజైన్ చేస్తారు.

నింపాది
అందరికీ చాలా థాంక్స్. ఈ థ్రెడ్ మా వాళ్లకి చదివి వినిపించా. మైక్ తీసేయడానికి మా మిత్రుడు మొదట ఒప్పుకోలేదు. టైమ్ బ్రాకెట్ల పార్ట్ చేతికిచ్చాక మాత్రం చదువుతూ కూర్చున్నాడు, "అంటే నాకూ రెస్టులు ఉన్నాయా" అన్నాడు. ఆయనకి ఇంతవరకు ఎవరూ రెస్టు (వాయించకుండా ఆగే చోటు) రాసివ్వలేదట.

ఇంకో రెండు సందేహాలు. ఒకటి, ఆయన ఎక్కడ కూర్చోవాలి, మాతో స్టేజీ మీదా, హాలు వెనకా? రెండు, చివర ఏది ముందు ఆగాలి, తెరా, మేమా?

కీలు_పెడల్
స్టేజీ మీదే, మీ అర్ధచంద్రంలో నాలుగో కుర్చీ. ల్యాప్‌టాప్ కింద ఎక్కడో పెట్టి చేతిలో నాలుగు నాబ్‌లున్న చిన్న కంట్రోలర్ చాలు. మీ ఊపిరి ఆయనకి కనబడాలి. రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ 1910లోనే "ప్రొమీథియస్" స్కోర్‌లో వెలుగుకి మిగతా వాద్యాలతో పాటు ఒక వరస రాశాడు, అందులో రెండు పాయలు, ఒకటి కార్డులతో (కలిసి మోగే స్వరాలు) పాటు మారుతుంది, రెండోది పేజీలు పేజీలు మారకుండా నిలబడుతుంది. వందేళ్ల క్రితమే వెలుగుకి కుర్చీ వేశారు, మనం వెనక గదిలోకి తోస్తున్నాం.

ఊరికే_శ్రోత
నేను ఒప్పుకోను. స్టేజీ మీద నాబ్ తిప్పే మనిషి కనిపిస్తే, ఏది తిప్పితే ఏది మారిందా అని వెతకడంతోనే నాకు సరిపోతుంది. వెనక కూర్చోబెట్టండి.

మంద్రం
వయొలిన్ వాయించే చెయ్యి కనిపిస్తే మీకు అలాగే ఉంటుందా?

ఊరికే_శ్రోత
ఉండదు. ఆ చెయ్యే శబ్దం చేస్తోందని తెలుసు కాబట్టి. నాబ్‌కి ఆ నమ్మకం ఇంకా రాలేదు. అట్ట పట్టుకుని నిలబడితే మాత్రం స్టేజీ మీద ఉండొచ్చు, అభ్యంతరం లేదు.

తెరచాటు
చివర గురించి. రెండూ కలిసి ఆగడం మాత్రం వద్దు, అది సినిమా ముగింపు అయిపోతుంది. నా అభిప్రాయంలో తెర ముందు పోవాలి, ఓ మూడు నాలుగు నిమిషాల ముందు. చివరి స్వరాలు చీకట్లో వినిపించాలి.

వెలుగురేఖ
నేనైతే తెరనే ఆఖర్న ఉంచుతా. శబ్దం ఆగిందో లేదో ఎవరికీ నమ్మకం కుదరదు, తెర ఉన్నంతసేపూ చప్పట్లు కొట్టరు. అలా సంపాదించుకున్న నిశ్శబ్దం కూడా కృతిలో భాగమే.

సున్నా_గెయిన్
ఏదైనా సరే, ప్రొజెక్టర్‌ని మాత్రం పవర్ ఆఫ్ చేయకండి. ఆఫ్ నొక్కగానే చల్లారడానికి చాలావాటికి ఫ్యాన్ హోరెత్తుతుంది. షటర్ (వెలుగుని ఆపే తలుపు) మూసేసి వదిలేయండి, జనం వెళ్లాక ఆపుకోవచ్చు.

నింపాది
మా దానికి షటర్ లేదు. నల్ల సిగ్నల్ పంపినా తెర మీద బూడిదరంగు చతురస్రం మిగులుతోంది.

తెరచాటు
అట్టే దిక్కు. లెన్సుకి ఆనించకండి, ఆ వేడికి అట్ట కమిలి వాసనొస్తుంది. ఒక జానెడు దూరంలో స్టాండుకి బిగించి, రిహార్సల్లో ఓసారి పది నిమిషాలు అలాగే వదిలి చూసుకోండి.